కల్లం లెక్క, బడి లెక్క

ఆ మధ్య మే నెలలో ములకలపల్లి మండలంలోని ఒక గూడెంలో తునికాకు కల్లం చూడబోయాను. చూసి ఊరుకోక ఒక పిల్లకు పరీక్ష పెట్టాను. అందులో తప్పింది ఎవరో మీరే తేల్చాలి.

తునికాకంటే బీడీ ఆకు. యాభై ఆకులు ఒక కట్ట. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డు బస్తా. అంటే బస్తాకు 50,000 ఆకులన్న మాట! తెల్లవారకముందే అడవికి పోయి కోసిన ఆకును తల్లులూ పిల్లలూ కట్టలు కట్టి తెచ్చి కల్లంలో వరసలు పేరుస్తారు. కల్లేదారు లెక్కపెట్టి కార్డులో రాస్తాడు. ఆ పూట ఒక తల్లి కార్డులో 141 వేశాడు.

"రెండు కట్టలు తక్కువ రాసిండ్రు సారూ! ఇరవై లెక్కన ఏడు వరసలు, పైన మూడు" అంది పక్కనున్న పన్నెండేళ్ళ కోయపిల్ల. మళ్ళీ లెక్కపెడితే 143. పాపం, పొరపాటే, దిద్దాడు.

"ఏ తరగతి తల్లీ?" అన్నాను. ఏడోదట. "లెక్కలు మాత్రం రావు సార్" అని తల వంచుకుంది.

నేను నమ్మలేదు. కాగితం మీద 143ను 3తో గుణించమన్నాను. కాస్సేపు తంటాలుపడి 3129 అని వేసింది. కాగితం మడిచి, "కట్టకు మూడు రూపాయలనుకో, మీ అమ్మకెంత రావాలి?" అన్నాను.

"నాలుగొందల ఇరవై తొమ్మిది. నూరుకు మూడొందలు, నలభైకి నూట ఇరవై, మూడింటికి తొమ్మిది."

గణితంలో దీన్ని విభాగ న్యాయం అంటారు. పేరు తెలియకుండానే వాడేసింది! మరి ఇందాకటి 3129 సంగతి? "అది బడి లెక్క సార్" అంది.

ఇది ఒక్క గూడెం ముచ్చట కాదు. బ్రెజిల్ లోని రెసిఫే నగరంలో వీధుల్లో కొబ్బరికాయలూ అవీ అమ్మే పిల్లలను కరాహెర్, ష్లీమన్ అనే పరిశోధకులు పరీక్షించి 1985లో ప్రకటించారు. బేరంలో అడిగితే నూటికి 98 లెక్కలు ఒప్పు. అవే అంకెలు కాగితం మీద పెడితే నూటికి 37.

ఆ పిల్ల చేసిన తప్పు చిన్నదే. నాలుగు మూళ్ళు పన్నెండు అని ఆ పన్నెండును ఉన్నదున్నట్టు దించింది. అవి పన్నెండు పదులనీ, అందులో పది పదులు కలిస్తే నూరవుతుందనీ తెలిస్తే చాలు. పదేసి కట్టలు కుప్పలు పెట్టి చూపించాను. పుస్తకంలో నెలల తరబడి లొంగనిది అయిదు నిమిషాలు పట్టలేదు. కాగితం లాక్కుని తనే దిద్దుకుంది. లెక్కల మాస్టార్ల శిక్షణలో ఒక వారం కల్లంలో కూర్చోబెట్టాలని నాకప్పుడే అనిపించింది. కొందరు నవ్వుతారు, నవ్వనివ్వండి.

వస్తూ వస్తూ, ఫిబ్రవరి, మార్చిలలో తునికి పొదలు ఎందుకు కొడతారని అడిగాను. "కొడితేనే నెలన్నరకు లేతాకు వస్తది" అంది. అంతటితో ఊరుకోలేదు. "కొట్టినకాడ్నే లేతాకు ఎందుకొస్తది సార్?"

నాకు జవాబు రాలేదు. మీ సైన్సు మాస్టారును అడగమన్నాను.

"వేసవి సెలవులు కదా" అని కట్టలు ఎండలో తిప్పడానికి పోయింది.