సేవకు 20 లక్షలు, సరుకుకు సున్నా

ఆత్రేయపురంలో ఇంట్లో కూర్చుని పూతరేకులు చుట్టే మహిళ తన సరుకును విశాఖపట్నానికో, విజయవాడకో అమ్ముకుంటే ఏడాదికి 40 లక్షల రూపాయల టర్నోవరు దాటేవరకూ జీఎస్టీ నంబరు అక్కర్లేదు. అదే పెట్టె ఒక్కటి కూకట్‌పల్లికి పంపిందంటే మొదటి పెట్టెకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సరిహద్దు దాటింది కాబట్టి అది అంతర్రాష్ట్ర సరఫరా. కేంద్ర జీఎస్టీ చట్టం 24వ సెక్షన్ ఇక్కడ టర్నోవరు ఎంతని అడగదు. 2014 జూన్ 2కు ముందు ఈ రెండు ఊళ్లూ ఒకే రాష్ట్రంలో ఉండేవి. ఇప్పుడు వాటి మధ్య వచ్చిన గీత, ఏడాదికి లక్ష రూపాయల వ్యాపారం చేసేవారిని కూడా కోట్ల వ్యాపారి సరసన నిలబెడుతోంది.

ఇది పన్నుల వ్యవస్థలో తప్పనిసరి సూత్రమని వాదించేవాళ్లు ఒక్క విషయం చెప్పడం లేదు. రాజమహేంద్రవరంలో ఉన్న ఒక ట్యూషన్ టీచరు హైదరాబాద్, బెంగళూరు, పుణె పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పి ఏడాదికి 20 లక్షల రూపాయల దాకా సంపాదించుకోవచ్చు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 2017 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ రాష్ట్రం దాటిన సేవలకు ఈ మినహాయింపు ఇచ్చింది. ఆన్‌లైన్ వేదికల ద్వారా అందించే సేవలకూ అదే ఏడాది నవంబరులో వర్తింపజేసింది. అంటే జీఎస్టీ మొదలైన అయిదు నెలల్లోపే! సేవ అమ్మితే 20 లక్షల దాకా స్వేచ్ఛ, సరుకు అమ్మితే మొదటి రూపాయి నుంచే నిర్బంధం. ఇన్నేళ్లుగా ఈ తేడా ఎందుకు ఉందో ఏ ప్రభుత్వమూ సరైన కారణం చెప్పలేదు.

ఆన్‌లైన్ వ్యాపారానికి కావలసిన చట్టపరమైన జాగ్రత్తల గురించి ఇటీవల వస్తున్న సలహాలన్నీ ఒకే మూసలో ఉంటున్నాయి. సంస్థ రూపం ఎంచుకోండి, ట్రేడ్‌మార్క్ తీసుకోండి, వాపసు నిబంధనలు రాసుకోండి, వినియోగదారుల సమాచారం భద్రంగా ఉంచండి అని జాబితా ఇస్తారు. చివర్లో ‘జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉచితమే, ఎందుకు భయం’ అని ముక్తాయిస్తారు. రిజిస్ట్రేషన్ ఉచితమన్న మాట నిజం. అసలు ఖర్చు ఆ తరవాత మొదలవుతుంది.

అద్దె ఇంట్లో ఆవకాయ పట్టి అమ్మే ఇల్లాలి సంగతే చూడండి. వ్యాపార చిరునామాకు రుజువుగా అద్దె ఒప్పందమో, ఇంటి యజమాని సమ్మతి పత్రమో, కరెంటు బిల్లో జతచేయాలి. తన ఇల్లు ప్రభుత్వ రికార్డుల్లో వ్యాపార స్థలంగా నమోదవుతుందంటే సంతకం పెట్టే యజమానులు ఎందరు? అది దాటాక రిటర్నులు. త్రైమాసిక పద్ధతి ఎంచుకున్నా పన్ను నెలనెలా కట్టాల్సిందే. ఒక్క అమ్మకమూ లేకపోయినా సున్నా రిటర్ను వేయాలి. ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు, అమ్మకం ఉంటే 50 రూపాయల రుసుము. ఒక్కో రిటర్నుకు గరిష్ఠ పరిమితి ఉన్నా, ఒకటి పోతే మరొకటి వస్తూనే ఉంటుంది. చిన్న వ్యాపారుల కోసం పెట్టిన కాంపోజిషన్ పథకంలో చేరదామంటే, రాష్ట్రం బయటికి సరుకు పంపేవారికి అందులో చోటే లేదు. రిజిస్ట్రేషన్ తీసుకోకుండా పంపి దొరికితే జరిమానా 10 వేల రూపాయలు, లేదా ఎగవేసిన పన్ను, రెండింటిలో ఏది ఎక్కువైతే అది.

లెక్క వేసి చూద్దాం. ఏడాదికి 3 లక్షల రూపాయల మిఠాయిలు పొరుగు రాష్ట్రానికి అమ్మే మహిళ 5 శాతం చొప్పున కట్టాల్సిన పన్ను 15 వేల రూపాయలు. తాను కొన్న నెయ్యి, డబ్బాల మీద అప్పటికే కట్టిన పన్ను తీసేస్తే ఖజానాకు చేరేది అంతకన్నా తక్కువే. రిటర్నులు వేసిపెట్టే అకౌంటెంటుకు నెలకు వెయ్యి ఇస్తుందనుకున్నా ఏడాదికి 12 వేలు. ప్రభుత్వానికి దాదాపు అంతే వస్తుంది, ఆమెకు అంతకు రెట్టింపు పోతుంది. ట్యూషన్ టీచరు దగ్గర ఈ పన్ను వద్దనుకున్న ప్రభుత్వం, ఈమె దగ్గర ఎందుకు పట్టుబడుతోంది?

2023లో దీన్ని సరిచేశామని చెబుతారు. అక్కడే ఉంది మెలిక. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్ వేదికల ద్వారా సరుకు అమ్మే చిన్న వ్యాపారులకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట నిజమే. పాన్, చిరునామా ఇచ్చి ఒక నమోదు సంఖ్య తీసుకుంటే చాలు. కానీ మొదటి షరతే అంతర్రాష్ట్ర సరఫరా చేయకూడదని. అలాంటి అమ్మకందారు సరుకు రాష్ట్రం దాటకుండా చూసే బాధ్యతను కూడా వేదికలకే అప్పగించారు. దేశమంతటా అమ్ముకోవచ్చనే కదా ఎవరైనా ఆన్‌లైన్‌కు వచ్చేది! వేదికలో ఖాతా తెరిచే దరఖాస్తులో 15 అంకెలు, అక్షరాల జీఎస్టీ నంబరు అడుగుతారు. ఆంధ్రప్రదేశ్ నంబరు 37తో, తెలంగాణది 36తో మొదలవుతుంది. ఆ నంబరు లేనివారి సరుకు సొంత రాష్ట్రం వరకే కనిపిస్తుంది. సొంత వెబ్‌సైటు ద్వారానో, వాట్సాప్‌లో ఆర్డరు తీసుకునో పంపినా 24వ సెక్షన్ నుంచి తప్పించుకోలేరు.

తెలుగువారికి ఇందులో మరో దెబ్బ ఉంది. సరుకు వ్యాపారులకు పరిమితిని 40 లక్షలకు పెంచుకునే వీలు 2019లో రాష్ట్రాలకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పెంచుకుంది, తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. గుంటూరు వ్యాపారికి 40, ఖమ్మం వ్యాపారికి 20, ఒకరి ఊరికి ఒకరు సరుకు పంపితే ఇద్దరికీ సున్నా.

వ్యతిరేక వాదన ఒకటుంది, అది వినాల్సిందే. జీఎస్టీ గమ్యస్థాన పన్ను, సరుకు వాడుకున్న రాష్ట్రానికి చేరాలి, అమ్మినవారు నమోదు కాకపోతే ఆ రాష్ట్రం వాటా పోతుందంటారు. మరి సేవ కూడా గమ్యస్థాన పన్నే కదా! రాజమహేంద్రవరం టీచరు పాఠం బెంగళూరులో వింటే కర్ణాటక వాటా పోవడం లేదా? 2017లో ఆ నష్టాన్ని అన్ని రాష్ట్రాలూ ఒప్పుకున్నాయి. అప్పుడు కూలిపోని సూత్రం ఆవకాయ సీసాతో ఎలా కూలుతుంది? చేతివృత్తుల వస్తువులను నేరుగా రాష్ట్రం దాటించి అమ్ముకునేవారికీ పాన్, ఇ-వే బిల్లు ఉంటే చాలని 2017లోనే మినహాయింపు ఇచ్చారు. అంటే సరుకుకు ఇవ్వకూడదన్న నియమం కూడా లేదు. నకిలీ సంస్థల మోసాలు పెరుగుతాయన్నది రెండో వాదన. నకిలీ ఇన్‌పుట్ క్రెడిట్ మోసం చేయడానికి జీఎస్టీ నంబరు కావాలి. నంబరే లేనివారు ఎవరికీ క్రెడిట్ బదిలీ చేయలేరు.

చిన్న వ్యాపారులను చట్టాలన్నిటి నుంచీ వదిలేయాలని ఎవరూ అడగడం లేదు. ఆహార పదార్థం అమ్మేవారికి ఆహార భద్రత నమోదు ఉండాలి. డబ్బా మీద బరువు, ధర, తయారీ తేదీ, తయారుచేసినవారి చిరునామా ఉండాలి. 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనలు ఫిర్యాదుకు 48 గంటల్లో స్పందించమన్నాయి, నెలలో పరిష్కరించమన్నాయి. 2019 వినియోగదారుల చట్టం కొన్నవారు తమ ఊళ్లోనే ఫిర్యాదు చేసుకునే హక్కు ఇచ్చింది. కాబట్టి పాడైన పచ్చడి పంపిన అమ్మకందారు ఎక్కడున్నా కొన్నవారి ఊరి వినియోగదారుల కమిషన్ ముందుకు రాక తప్పదు. ఇవన్నీ కొనేవారిని కాపాడే నియమాలు, ఉండి తీరాలి. లక్ష రూపాయల వ్యాపారం మీద జీఎస్టీ నిర్బంధం వల్ల కొనేవారికి ఒరిగేదేమీ లేదు.

2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి 56వ సమావేశం, పలు రాష్ట్రాల్లో ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న సరఫరాదారులకు సరళమైన రిజిస్ట్రేషన్ విధానం తెస్తామని సూత్రప్రాయంగా ఒప్పుకుంది. వ్యాధిని పక్కనపెట్టి చీటీ అందంగా రాసినట్టుంది ఇది. అడుగుతున్నది రిజిస్ట్రేషన్ సులువు చేయమని కాదు, 20 లక్షల లోపు అక్కర్లేకుండా చేయమని. దానికి కొత్త చట్టం అవసరం లేదు. సేవలకు 2017లో ఇచ్చిన నోటిఫికేషన్ లాంటిది సరుకుకూ ఇచ్చి, 2023 నోటిఫికేషన్‌లోని అంతర్రాష్ట్ర షరతు తీసేస్తే సరిపోతుంది. వేదికలు ఈ అమ్మకాల వివరాలను ఇప్పటికే ప్రభుత్వానికి సమర్పిస్తున్నాయి. ఎవరు 20 లక్షలు దాటారో తెలుసుకోవడం కష్టమేమీ కాదు.

డ్వాక్రా సంఘాల మహిళలను ఆన్‌లైన్ వ్యాపారులుగా మారుస్తామని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ సభ పెట్టిన ప్రతిసారీ చెబుతున్నాయి. ఆ మహిళల సరుకు పక్క తెలుగు రాష్ట్రానికి కూడా స్వేచ్ఛగా వెళ్లలేదన్న సంగతి ఏ వేదిక మీదా వినిపించలేదు. శిక్షణ తరగతులు, స్టాళ్లు, ఫొటోలతో ఆ అడ్డుగోడ తొలగదు. జీఎస్టీ మండలిలో మూడింట రెండొంతుల ఓటు బలం రాష్ట్రాలదే. రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థిక మంత్రులూ అందులో సభ్యులు. 2017 నాటి ఆ నోటిఫికేషన్ చేత పట్టుకుని, సేవకు ఉన్న 20 లక్షల హక్కు సరుకుకు ఎందుకు లేదని వచ్చే సమావేశంలో ఇద్దరూ కలిసి అడగాలి, జవాబు మినిట్స్‌లో రాయించాలి.