రాగం పద్దుపుస్తకం కాదు

ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో పద్దులు చూసుకొనేవాడికి సంగీతంతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. పద్దులు తెలిసినవాణ్ణి గనుకనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఖాతా నంబరు తెలిసినంత మాత్రాన ఖాతాదారు తెలిసినట్లు కాదని మా ఉద్యోగంలో మొదటి ఏడాదే బోధపడుతుంది. మన పాటల పోటీలు నడిపేవారికి మాత్రం ఇంకా బోధపడలేదు.

నిరుడు మా హోసూరు వైపు జరిగిన ఒక పిల్లల పోటీకి వెళ్ళాను. పదకొండేళ్ళ అమ్మాయి రామదాసు కీర్తన ‘పలుకే బంగారమాయెనా’ పాడింది. వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకొన్న పాట, ఆనందభైరవి రాగం. గొంతు చిన్నదే. కాని మధ్యమం నుంచి గాంధారానికి దిగేటప్పుడు ఆ పిల్ల తొందరపడలేదు. గాంధారాన్ని ఊపవలసినంత ఊపి, నెమ్మదిగా రిషభం మీద దించింది. వెనక వరుసలో కబుర్లాడుతున్న ముసలివాళ్ళు మాటలు ఆపేశారు. పాట అయ్యాక నిర్ణేత అడిగారు: “ఆరోహణ, అవరోహణ చెప్పమ్మా. ఏ మేళానికి జన్యం?” పిల్ల తెల్లమొహం వేసింది. పది మార్కులు అక్కడే పోయాయి. తరువాతి అబ్బాయి అన్నీ గడగడా అప్పజెప్పి బహుమతి పట్టుకుపోయాడు. అతని పాటలో స్వరాలన్నీ ఉన్నాయి, రాగం లేదు. తప్పు కుర్రాడిది కాదు. ఆ మార్కుల కాగితం తయారుచేసినవారిది.

అసలు ఆ ప్రశ్నకు పెద్దలైనా ఒక్క మాటగా జవాబు చెప్పగలరా? ఆనందభైరవిని కొందరు 20వ మేళంలో చేరుస్తారు, మరికొందరు 22వ మేళంలో. కారణం దైవతం. ఈ రాగంలో శుద్ధ దైవతమూ వినిపిస్తుంది, చతుశ్శ్రుతి దైవతమూ వినిపిస్తుంది. రెండింటిలో ఇంటివాడు ఎవరు, చుట్టం ఎవరు అన్న దాన్ని బట్టి మేళం మారుతుంది. పైగా అంతర గాంధారం, కాకలి నిషాదం కూడా వచ్చిపోతూంటాయి. పండితులు ఏ పద్దు కింద రాసుకొన్నా రాగం మాత్రం తన దారిన తాను నడుస్తూనే ఉంది.

ఇక ఆరోహణ మాట. ‘స గ రి గ మ ప ద ప స’ అని అప్పజెప్పిస్తారు. పాటల్లో చెవికి తగిలేది ‘స గ గ మ’ అనే ప్రయోగం. ఆ జంట గాంధారం పట్టీలో ఎక్కడుంది? అవరోహణలో నిషాదం రాసి ఉంటుంది. దాని మీద నిలిచిపోకూడదని రాసి ఉండదు. రీతిగౌళకు నిషాదం ప్రాణం. ఆనందభైరవిలో దాన్ని తాకి పోవాలి. పక్కపక్కనే ఉండే ఈ రెండు రాగాలను వేరుచేసేది స్వరాల జాబితా కాదు, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకూడదు అనే మర్యాద. ఆ మర్యాద అవ్వ దగ్గర వచ్చింది ఆ పిల్లకు. శ్యామశాస్త్రి ‘మరివేరే గతి’, దీక్షితుల నవావరణ కీర్తనల్లో మొదటి ఆవరణమైన ‘కమలాంబా సంరక్షతు’ విన్నవారికి నేను చెప్పేది వేరే వివరించనక్కరలేదు.

మనకు ఈ విషయంలో ఒక పెద్ద గ్రంథమే ఉంది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామికి దత్తుడైన సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అచ్చువేయించారు. ఎక్కడ? తమిళదేశంలో, ఎట్టయపురంలో. ఏ భాషలో? తెలుగులో! మనబోటి బయటి తెలుగువాళ్ళం పూజలో పెట్టుకోవలసిన పుస్తకం. రాగలక్షణం చెప్పి ఆయన అంతటితో చేతులు దులుపుకోలేదు. గీతం, కీర్తనలు, చివర సంచారి ఇచ్చారు. గమకాలకు గుర్తులు పెట్టారు. రాగం నడకలో ఉందని ఆయనకు తెలుసు.

“మరి మొదలు నేర్చుకొనేవాళ్ళకు ఆరోహణ లేకపోతే ఎలా?” అంటారు మిత్రులు. ఉండనివ్వండి. మోహనకు, హంసధ్వనికి అది చాలావరకు దారి చూపుతుంది. మేళకర్త పట్టిక చూస్తే నాకూ ముచ్చటే: రిషభ గాంధారాలకు ఆరు జోడింపులు, దైవత నిషాదాలకు ఆరు, మధ్యమాలు రెండు, వెరసి 72. ఎంత చక్కని లెడ్జరు! కాని లెడ్జరు చూసి అప్పు ఇచ్చిన మేనేజరు గతి ఏమవుతుందో నాకు తెలుసు. మనిషిని చూడాలి.

నా కోపానికి మరో కారణం ఉంది. కోస్తా చుట్టాలు మా ఇంటికి వచ్చి, “మీ తెలుగులో అరవం, కన్నడం కలిసిపోయాయే!” అని నవ్వుతారు. బరంపురంలో పనిచేసిన రోజుల్లో అక్కడి తెలుగువారి ఒడియా మాటలకూ ఇదే నవ్వు విన్నాను. అన్యస్వరం వచ్చిందని ఆనందభైరవిని ఎవరూ తప్పురాగం అనలేదు. పాఠ్యపుస్తకం చూడకుండా అవ్వల నోట భాష నిలబెట్టుకొన్న మనమే, అవ్వ నోట పాట నేర్చిన పిల్లకు మార్కులు కోశామంటే ఏమనాలి?

ఈ ఏడాది నిర్వాహకులకు ఉత్తరం రాశాను. ఆ పది మార్కుల గడి తీసేయండి, బదులుగా పిల్లలను అదే రాగంలో ఇంకో పాట రెండు వరుసలు పాడమనండి, లేదా పాడిన పాటకు అర్థం చెప్పమనండి అని. జవాబు రాలేదు. పోటీ దరఖాస్తు ఫారం మాత్రం మొన్న వచ్చింది. గడి అలాగే ఉంది.