పదునారేండ్ల చదువు: నైజీరియా మెట్లు, ఇంగ్లండు మెట్లు



బిడ్డను చదువునకై దూరదేశమునకు పంపదలచిన తల్లి మొట్టమొదట రుసుములను గూర్చియు, చలిని గూర్చియు, భోజనమును గూర్చియు విచారించును. ఇవి విచారింపవలసినవే. కాని అంతకంటె ముందు తెలిసికొనవలసినది వేరొకటి గలదు. స్వదేశపు చదువులోని యే మెట్టు పరదేశపు చదువులోని యే మెట్టునకు సరిపోవును? దీనికి నైజీరియా దేశము చక్కని దృష్టాంతము. లేగోసు మొదలగు పట్టణములందు మన తెలుగు కుటుంబములును గలవు గనుక, ఈ ప్రశంస మనకు బొత్తిగా పరాయిది గాదు.

నైజీరియా 1960 వఱకు ఆంగ్లేయుల పాలనలో నుండెను. అందుచేత నచ్చటి విద్య చిరకాలము వారి యచ్చుననే సాగినది: ప్రాథమిక విద్య ఆఱేండ్లు, ఉన్నత పాఠశాల యైదేండ్లు, పై తరగతులు రెండేండ్లు, విశ్వవిద్యాలయము మూడేండ్లు. 1977లో ప్రకటింపబడిన జాతీయ విద్యావిధానము దీనిని మార్చెను. ప్రాథమికము ఆఱేండ్లు, జూనియరు సెకండరీ మూడు, సీనియరు సెకండరీ మూడు, విశ్వవిద్యాలయము నాలుగు అను క్రమము 1982 మొదలు అమలునకు వచ్చినది. జూనియరు తరగతులలో వ్యవసాయము, వడ్రంగము, గృహవిజ్ఞానము వంటివియు చేర్చిరి. పై చదువునకు పోజాలని బిడ్డకును చేతిలో నొకపని యుండవలెనన్న యుద్దేశము ప్రశంసనీయము గదా!

ఇక లెక్క చూడుడు. పాత క్రమమును కూడినను పదునాఱే, క్రొత్త క్రమమును కూడినను పదునాఱే. గుడ్డ కొలత మాఱలేదు. అతుకు మాత్రము జరిగినది. ఇంగ్లండులో బాలిక యైదవయేట మొదటి తరగతిలో చేరి, పదునాఱవయేట జి.సి.ఎస్.ఇ. పరీక్షలు వ్రాసి, పిమ్మట రెండేండ్లు సామాన్యముగా మూడు విషయములను మాత్రమే లోతుగా చదివి ఏ-లెవెలు పరీక్షల నిచ్చును. అనగా బడిలో పదుమూడేండ్లు, విశ్వవిద్యాలయమున మూడేండ్లు. నైజీరియాలో బడి పండ్రెండేండ్లు, విశ్వవిద్యాలయము నాలుగేండ్లు. బడిలోని యొక యేడు విశ్వవిద్యాలయమునకు పోయినదన్నమాట.

చిక్కంతయు నీ యతుకు చోటనే. నైజీరియా బాలిక సీనియరు సెకండరీ తుదను పశ్చిమాఫ్రికా పరీక్షామండలి వారి పరీక్ష వ్రాయును. అందు ఏ1 మొదలు సి6 వఱకు వచ్చినచో ‘క్రెడిట్’ అందురు. ఇంగ్లీషుతోగూడ నైదు క్రెడిట్లు, ప్రవేశపరీక్షలో తగిన మార్కులు నున్న బాలికకు స్వదేశపు విశ్వవిద్యాలయము తలుపు తెఱచును. కాని బ్రిటనులోని విశ్వవిద్యాలయములు ఆ క్రెడిట్లను సాధారణముగా జి.సి.ఎస్.ఇ.తో సమానముగా నెంచును; ఏ-లెవెలుతో గాదు. కావున ‘ఫౌండేషన్’ అను సన్నాహపు తరగతిలో నొక యేడు చదువవలెను. లేదా ఏ-లెవెలు రెండేండ్లు చదువవలెను. కొన్నిచోట్ల స్వదేశపు విశ్వవిద్యాలయములో మొదటి యేడు ముగించి వచ్చినను చేర్చుకొందురు. ఇదియే న్యాయము నైజీరియాలోను గలదు: ఏ-లెవెలు తేఱినవారిని అచ్చట నేరుగా రెండవ సంవత్సరమున చేర్చుకొందురు.

ఈ సంగతి ముందు తెలియని యింట నేమగును? మంచి మార్కులతో గెలిచిన పిల్లకు “ఇంకొక యేడు సన్నాహము” అని యుత్తరము రాగానే, అది యవమానముగా తోచును. బంధువులు పిల్ల తెలివిని శంకింతురు. అనుకొనని ఖర్చు మీదపడును. ఖర్చు పెరిగినప్పుడు చదువు మాన్పింపబడునది తఱచుగా ఆడుపిల్లయే యని వేఱుగ చెప్పనేల? లోపము పిల్లలో లేదు, ఆ దేశపు చదువులోను లేదు. రెండు నిచ్చెనల మెట్లు ఒకే యెత్తున లేవు, అంతే.

కావున బిడ్డ సీనియరు తరగతులలో నుండగనే తల్లిదండ్రులు తాము కోరు విశ్వవిద్యాలయపు నియమములను వ్రాతమూలముగా తెప్పించుకొనవలెను. సన్నాహపు సంవత్సరపు వ్యయమును మొదటి లెక్కలోనే చేర్చవలెను. స్వదేశమున నాలుగేండ్ల పట్టము పొంది, పై పట్టమునకు మాత్రమే బ్రిటను పోవుట మఱియొక మార్గము. అచ్చట ఎం.ఏ., ఎం.ఎస్‌సి. వంటివి తఱచుగా నొక్క యేటనే ముగియును. అతుకు చిక్కును తగ్గును. స్కాట్లండులోనైతే ఆనర్సు పట్టమునకే నాలుగేండ్లు పట్టును గనుక ఇంగ్లండు లెక్కను అచ్చట యథాతథముగా వేయరాదు.

మన యింటర్మీడియేటు రెండేండ్లను ఎఱిగిన తల్లులకు ఇదంతయు దుర్గ్రాహ్యము గాదు. పయనపు పెట్టె సర్దుటకు ముందే యీ మెట్ల లెక్క సరిచూచుకొన్న యింట బిడ్డ కన్నీరు పెట్టదు.