కూసిన పుంజుకే ముప్పు

కొత్తగూడెం దాటి భద్రాచలం వెళ్ళే దారిలో తెల్లవారుజామున కోడి కూసిందంటే ఊరు దగ్గరపడిందనుకోకండి. కూత చివర టక్కున తెగిందా, అది అడవిపుంజే కావచ్చు!

మన పెరటి కోళ్ళకు మూలం ఎర్ర అడవికోడి. దక్షిణాదిన ఉండే బూడిదరంగు అడవికోడి, ఇదీ కలుసుకునే మేర గోదావరి పరిసరాలే.

దీని వేట ఫలించాలంటే పూర్వం ఎన్నో కలిసిరావాలి. గాలి పడి ఉండాలి. ఎండుటాకు చప్పుడు కాకూడదు. రాత్రి వాన కురిస్తే మరీ మేలు: చెట్లు చినుకులు రాలుస్తుంటే కోడి బాటమీదికి వస్తుంది, తడి ఆకులమీద వేటగాడి అడుగు వినిపించదు. అన్నిటికన్నా ముఖ్యం రుతువు. వేసవి మొదట్లో పెంపుడు పుంజును కట్టి కూయిస్తే, తన మేరలోకి పరాయివాడు వచ్చాడని అడవిపుంజు రోషంతో ఉరికివస్తుంది. చుట్టూ ఉచ్చులే!

కాని సరిగ్గా ఆ రోజుల్లోనే పెట్ట పొదచాటున, నేలమీద గుడ్లు పొదుగుతూ ఉంటుంది. వేటకు అనువైన కాలమే సంతానానికీ కాలం. వేటగాడు ఎంత నెగ్గితే మరుసటేడు అడవి అంత మూగపోతుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేడు ఈ వేట నేరం. దారిలో ఎవరైనా అడవికోడి మాంసం ఆశచూపితే వద్దనండి; కొన్నవారికీ శిక్ష తప్పదు.

పాత విద్య మాత్రం వృథా కాదు సుమా! గాలిలేని ఉదయం, వాన వెలిసిన బాట, కాస్త ఓపిక ఉంటే చాలు. పిల్లలకు ఆ కూత వినిపించవచ్చు.