లారా అడిగిన ప్రశ్న

లారా ఇంగల్స్ వైల్డర్ రాసిన ‘లిటిల్ హౌస్’ పుస్తకాలు మనలాంటి పిల్లలకు ఇట్టే నచ్చుతాయి. లారా వాళ్ళు కూడా ఒకచోట నిలవరు మరి! 1867లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పుట్టిన ఆ అమ్మాయి చిన్నప్పుడే కాన్సాస్, మళ్ళీ విస్కాన్సిన్, మిన్నెసోటా, అయోవా, డకోటా తిరిగింది. మనకైతే ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వస్తుంది, సామాన్ల లారీ వస్తుంది, వెళ్ళినచోట క్వార్టర్సు ఉంటుంది. వాళ్ళకు ఉన్నది గుడ్డ కప్పిన గుర్రబ్బండి, వెంట నడిచే కుక్క జాక్, నాన్న గొడ్డలి. ఇల్లు తామే కట్టుకోవాలి. ఇనుప మేకు ఒక్కటీ లేకుండా నాన్న తలుపు తయారుచేసే ఘట్టం మూడో తరగతి పిల్లలు కూడా కదలకుండా వింటారు.

ఆ తలుపు ఉన్న కాన్సాస్ కథ 1935లో వచ్చింది. అప్పటికి రచయిత్రికి 68 ఏళ్ళు. నిజానికి కాన్సాస్‌లో ఉన్నప్పుడు ఆమెది రెండు మూడేళ్ళ వయసే. పుస్తకంలో కాస్త పెద్దదయింది. అయోవా రోజులనైతే కథల్లోకి రానివ్వనే లేదు. అందులో తప్పేమీ లేదు, ఆమె జీవితం ఆమె ఇష్టం. కానీ ఇంకొకరి జీవితాన్ని వదిలేస్తేనో?

వాళ్ళు ఇల్లు కట్టుకున్న నేల ఒసేజ్ జాతివాళ్ళది. మొదటి ముద్రణలో అక్కడ మనుషులే లేరని, ఉన్నది ఇండియన్లేనని అర్థమిచ్చే మాటలుండేవి. (ఇండియన్లంటే ఇక్కడ మనం కాదు, అమెరికా మూలవాసులు.) పాఠకుల నుంచి అభ్యంతరం వచ్చాక, 1953 ముద్రణలో ‘మనుషులు’ అన్న మాట తీసి, వచ్చి స్థిరపడినవాళ్ళు అనే అర్థమున్న మాట పెట్టారు. ఒక్క మాట మారడానికి 18 ఏళ్ళు!

అందుకే ఈ పుస్తకం చిన్నపిల్లలకు ఇవ్వకూడదనేవాళ్ళు ఉన్నారు. 2018లో అమెరికాలో పిల్లల గ్రంథాలయాల సంఘం ఆమె పేరుమీద ఇస్తున్న పురస్కారానికి పేరు కూడా మార్చింది. పురస్కారం సంగతి పెద్దవాళ్ళు చూసుకుంటారు. పుస్తకం దాచడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకంటే అసలు ప్రశ్న అందులోనే ఉంది. ఇది వాళ్ళ చోటు కదా, వెళ్ళిపొమ్మంటే వాళ్ళకు కోపం రాదా అని లారా నాన్నను అడుగుతుంది. ఇక ప్రశ్నలు చాలు, పడుకో అంటాడు నాన్న. మన ఇళ్ళలోనూ ఈ జవాబు దొరుకుతూనే ఉంటుంది!

నాన్న చెప్పని జవాబు కావాలంటే లూయీస్ ఎర్డ్రిక్ 1999లో రాసిన ‘ద బర్చ్‌బార్క్ హౌస్’ చదవాలి. ఈమె ఒజిబ్వే జాతి రచయిత్రి. కథ 1847లో, సుపీరియర్ సరస్సులోని ఒక దీవిలో జరుగుతుంది. ఏడేళ్ళ ఒమకాయస్ కుటుంబం వేసవిలో చెట్టు బెరడుతో ఇల్లు కట్టుకుంటుంది, చలికాలం వస్తే కర్ర ఇంటికి మారుతుంది, వసంతంలో మేపుల్ చెట్ల పాలతో చక్కెర కాస్తుంది. ఆమె పెంచుకునే కాకి భలే అల్లరిది. చలికాలంలో మశూచి వచ్చి చిట్టి తమ్ముణ్ణి తీసుకుపోతుంది. ఆ పేజీలు ఏడిపిస్తాయి, అయినా దాటేయకండి.

తర్వాతి భాగం ‘ద గేమ్ ఆఫ్ సైలెన్స్’లో, ఊరు వదిలి వెళ్ళమని ఒమకాయస్ వాళ్ళకు ప్రభుత్వం నుంచి ఉత్తర్వు వస్తుంది. అదీ ఆర్డరే. కానీ మనం వెళ్ళేది ఎవరో ఖాళీ చేసిన క్వార్టర్సుకి. వాళ్ళు ఖాళీ చేయాల్సింది తాతముత్తాతల నేలని.

చిన్న తరగతుల లైబ్రరీ పీరియడ్‌లో లారా పుస్తకం ఇచ్చిన వారమే ఒమకాయస్ పుస్తకమూ ఇవ్వమని నా మనవి. రెండూ ఒకే అరలో పక్కపక్కన ఉంటే ఇంకా మంచిది.