ఇరవై ఐదు మార్కుల కాలవ

"ఈ కాలం ఇంజనీరింగ్ పిల్లలకి పర్యావరణం మీద అవగాహన లేదండీ" - ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అవగాహన లేకపోవడమేంటి? ఓజోన్ పొర అడగండి, ఆహారపు గొలుసు అడగండి, పరీక్షకి ముందురోజు బట్టీ పట్టిన ఆల్ ఇన్ వన్ మొత్తం గడగడా అప్పజెప్తారు. అప్పజెప్పి బయటికొచ్చి, టీ కప్పు కాలవలోకి విసురుతారు. తెలీక కాదు. ఆ పేపరుకీ ఈ కాలవకీ సంబంధం ఉందని వాళ్ళకెవరూ చెప్పలేదు, అంతే.

చట్టం మాత్రం చెప్పింది. ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే పర్యావరణం తప్పనిసరి పాఠం కావాలంది. 2003లో మళ్ళీ గట్టిగా చెప్తే యూజీసీ డిగ్రీ పిల్లలందరికీ ఒక సిలబస్ తయారుచేసింది. అందులో రాతపరీక్షకి 75 మార్కులు, ఫీల్డ్ వర్క్‌కి 25. దగ్గర్లో ఉన్న నదో చెరువో చూడాలి, కలుషితమైన చోటు ఒకటి చూడాలి, చూసింది రాయాలి. ఎంత మంచి ఆలోచన! మరి జరిగేదేంటి? నాకు తెలిసిన పిల్లల్లో ఒక్కడు కూడా ఊరి పొలిమేర దాటలేదు. సీనియర్ రికార్డు చూసి జూనియర్ రాస్తాడు, ఆ జూనియర్‌ది చూసి ఇంకో జూనియర్. పదేళ్ళుగా అదే చెరువు, అవే కొంగలు :)

2018లో ఏఐసీటీఈ మోడల్ సిలబస్ వచ్చి పర్యావరణాన్ని క్రెడిట్లు లేని సబ్జెక్టుల్లో పడేసింది. తప్పనిసరేనట, కానీ విలువ సున్నా అట. క్రెడిట్ లేనిదాన్ని పిల్లలు ఎలా చూస్తారో చదువుకున్న మనకి తెలీదా?

రేపల్లె సంగతే తీసుకోండి. కృష్ణా పశ్చిమ డెల్టాకి శివారు అది. ప్రకాశం బ్యారేజీ నీళ్ళు పంట కాలవల్లో తెనాలి మీదుగా కిందికి దిగుతాయి, వాడుకోగా మిగిలింది మురుగు కాలవల్లో సముద్రానికి పోతుంది. ఎగువన ఎవడేం పారేసినా శివారు వాడి గుమ్మం ముందుకే వస్తుంది. తూముకి కవర్లు అడ్డం పడితే మునిగేది వాడి చేనే.

ఇంకాస్త కిందికి నిజాంపట్నం వైపు వెళ్తే మడ అడవులు, రొయ్యల చెరువులు. 1996లో సుప్రీంకోర్టు తీరానికి 500 మీటర్ల లోపు వ్యాపార రొయ్యల చెరువులు కూడదంది. 2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి, అథారిటీ అనుమతితో దారి తెరిచింది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబర్‌లో బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు పైబడి వదిలితే ఈ లంకలే మునిగాయి.

ఇంత పెద్ద ప్రయోగశాల ఇంటి ముందు పెట్టుకుని పిల్లలు అమెజాన్ అడవుల గురించి పది మార్కుల జవాబు రాస్తున్నారు. సివిల్ చదివేవాడు మురుగు కాలవ వాలు కొలవొచ్చు. కంప్యూటర్స్ వాడు బావి నీళ్ళలో ఉప్పు ఏ నెలలో ఎంత పెరిగిందో లెక్కకట్టొచ్చు. వైవా కాలవ గట్టు మీద పెట్టమనండి, ఎవడు కాపీ కొడతాడో చూద్దాం.

ఇక మన సంగతి. రేపల్లె నుంచి రోజూ పాసింజరు బండెక్కి, ఇంటి నుంచి స్టీలు క్యారేజీ తెచ్చుకుని కాలేజీకి వెళ్ళే కుర్రాడికి, ఏసీ కార్లో దిగి, ప్లాస్టిక్ బాటిల్లో నీళ్ళు తాగుతూ, ఫ్లెక్సీ బ్యానర్ కింద నిలబడి "గో గ్రీన్" అని క్లాసు పీకేది మనమే. ఆ కుర్రాడు మనకంటే ఎంత తక్కువ ఖర్చుపెడుతున్నాడో భూమిని అడిగితే చెప్తుంది.

స్టాక్ మార్కెట్లో టాప్ 1000 కంపెనీలు పర్యావరణ లెక్కలు చెప్పాలని సెబీ 2022-23 నుంచి నిబంధన పెట్టింది. మన పెద్ద కంపెనీలన్నీ రంగురంగుల రిపోర్టులు వేస్తున్నాయి. క్యాంపస్ ఇంటర్వ్యూలో మాత్రం ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగరు. మనం దేన్ని అడిగితే పిల్లలు దాన్నే చదువుతారు, కాలేజీలు దాన్నే చెప్తాయి. జావా అలా వచ్చిందే కదా!

అందుకే ఇంటర్వ్యూ బల్లకి ఇటువైపు కూర్చునే మిత్రులకి ఒక్క మనవి. ఈసారి క్యాంపస్‌కి వెళ్ళినప్పుడు "మీ ఊరి మురుగు ఎక్కడికి పోతుంది?" అని అడగండి. మూడేళ్ళు వరసగా అడగండి చాలు. నాలుగో ఏడు పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కాలవ గట్టెక్కుతారు. జవాబు సరైందో కాదో తెలియాలంటే ముందు మన ఊరి సంగతి మనం కనుక్కోవాలి మరి!