తిరిగొచ్చిన ఉత్తరం

ఈసారి పండక్కి ఇల్లు దులిపేటప్పుడు అటక మీద చెయ్యి పెట్టారా? పెట్టే ఉంటారు. ఇత్తడి బిందెల వెనక, పాత పంచాంగాల కింద ఒక తుప్పు పట్టిన తీగ కనిపించిందా? చివర కొక్కెంలా వంచి, దానికి ఉత్తరాలన్నీ గుచ్చి ఉంటాయి. "ఈ చెత్తంతా ఎందుకమ్మా, పాతకాగితాలవాడికి వేసేద్దాం" అని పిల్లలు అనే ఉంటారు. ఆగండాగండి! వేసే ముందు నేను చెప్పేది కాస్త వినండి.

కాటారంలో మా తాతగారి ఇంట్లో దూలానికి అలాంటి తీగే వేలాడేది. చిన్నప్పుడు సెలవులకు వెళ్ళినప్పుడల్లా దాన్ని కిందికి దించి స్టాంపులు చూడటం నాకొక ఆట. ఆ ఉత్తరాల్లో ఒకటి మాత్రం చించనే లేదు. అంటించిన కవరు అంటించినట్టే ఉంది. పైన చార్మినారు బొమ్మ ఉన్న అణా స్టాంపు. దాని మీద ఎవరో సిరాతో గీతలు గీశారు. మా తాతగారు తన చెల్లెలికి రాసిన ఉత్తరమే అది. మరి తాతగారి ఇంట్లోనే ఎందుకుంది?

ఆ చెల్లెల్ని మేమంతా సిరోంచవ్వ అనేవాళ్ళం. ఆడపిల్లను అత్తారి ఊరి పేరుతో పిలవడం మా వైపు అలవాటే కదా! సిరోంచ అంటే దూరమేం కాదు. కాటారం నుంచి మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం వెళ్ళి, గోదావరి దాటితే వచ్చేస్తుంది. అటూ ఇటూ తెలుగువాళ్ళే, తెలుగు మాటే. ఇప్పుడైతే నది మీద వంతెన కూడా ఉంది. పొద్దున బయల్దేరి పెళ్ళి భోజనం చేసి సాయంత్రానికి ఇంటికి రావచ్చు.

కానీ మొదటి యుద్ధానికీ రెండో యుద్ధానికీ మధ్య ఉన్న ఆ రోజుల్లో గోదావరి రెండు ప్రభుత్వాలకు సరిహద్దు. ఇటు కాటారం నిజాం రాజ్యంలో, కరీంనగర్ జిల్లాలో ఉండేది. అటు సిరోంచ ప్రాంతాన్ని నిజాం 1860లోనే ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేశాడు. అది మధ్య పరగణాల్లోని చాందా జిల్లా కింద ఉండేది. ఇప్పుడు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా.

రెండు ప్రభుత్వాలంటే రెండు రకాల డబ్బు. ఇక్కడ హాలీ సిక్కా, అక్కడ కల్దారు రూపాయి. ఇక్కడి ఏడు రూపాయలు అక్కడి ఆరుకు సమానం. అలాగే టపాలూ రెండే! నిజాం ప్రభుత్వానికి సొంత టపా శాఖ, 1869 నుంచి సొంత స్టాంపులు ఉండేవి. 1931లో చాలా అందమైన స్టాంపులు వేశారు. అణా స్టాంపు మీద చార్మినారు, రెండణాల స్టాంపు మీద హైకోర్టు, నాలుగణాల దాని మీద ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాల దాని మీద అజంతా గుహల ముఖద్వారం. 1937లో నిజాం రజతోత్సవం వచ్చినప్పుడు ఉస్మానియా ఆసుపత్రి బొమ్మతోనూ వేశారు. అన్నట్టు, నిజాం స్టాంపుల మీద విలువను ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగులోనూ వేసేవారు.

అయితే ఆ అందమంతా నిజాం రాజ్యం లోపలే చెల్లేది. హద్దు దాటి వెళ్ళే ఉత్తరానికి ఇంగ్లీషు ప్రభుత్వం స్టాంపు కావాలి. అంటే అయిదో జార్జి చక్రవర్తి తలకాయ ఉన్నదన్నమాట. దాని మీద తెలుగక్షరం లేదు, కానీ నది అవతలున్న తెలుగువాళ్ళకు అదే చెల్లుతుంది. తెలుగక్షరం ఉన్నది మాత్రం చెల్లదు. చూశారా ఎంత చిత్రమో!

మరి తెలియక నిజాం స్టాంపు అంటిస్తే? అసలు స్టాంపే అంటించనట్టు లెక్క. అలాంటి ఉత్తరాన్ని బేరింగు అనేవారు. అందుకొనేవాళ్ళు రెట్టింపు కట్టి విడిపించుకోవాలి. కట్టకపోతే వెనక్కి పోతుంది. ఇంగ్లీషు టపాలో కార్డు 1922 దాకా కానీ, ఆ తర్వాత అర్ధణా, 1931 డిసెంబరు నుంచి ముప్పావు అణా. కవరుకు అదే నెల నుంచి ఒకటింబావు అణా అయింది. అంటే బేరింగు కవరుకు రెండున్నర అణాలు.

ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది, ఆ చించని కవరు సంగతి.

సిరోంచవ్వ వాళ్ళమ్మకు జబ్బు చేసింది. మంచం పట్టింది. "ఒక్కసారి బిడ్డను చూపించండి" అని కలవరిస్తోంటే మా తాతగారు కవరు రాశారు. కచేరీ పనుల కోసం కొని ఇంట్లో ఉంచుకున్న అణా స్టాంపులున్నాయి కదా, ఆ తొందరలో వాటిలోదే ఒకటి అంటించేశారు. ఉత్తరం నది దాటి వెళ్ళింది. అక్కడ బేరింగు అన్నారు. అవ్వ మామగారు "ఎవరో డబ్బు గుంజడానికి వేసిన ఎత్తు" అనుకొని తీసుకోనన్నారు. లోపల వంటింట్లో ఉన్న కోడలికి ఉత్తరం వచ్చిందనీ తెలియదు, పోయిందనీ తెలియదు. కాళేశ్వరం శివరాత్రికి వచ్చినవాళ్ళు చెప్పే దాకా తల్లి పోయిన సంగతే తెలియలేదు. అప్పటికి దినాలు కూడా అయిపోయాయి.

నేను అడిగినప్పుడు ఆమె ఏడవలేదు. వడియాలు తిరగేస్తూనే చెప్పింది. "రెండున్నర అణాలు బిడ్డా! గంతే! గా పైసలు నా చేతుల ఉంటే మా అవ్వ మొగం సూద్దును. నాకు ఎర్కనే లేకపాయె."

ఒక్కసారి ఆలోచించండి. ఆ రోజుల్లో టపా తక్కువదేం కాదు. అడవుల్లో ఈటెకు గజ్జెలు కట్టుకొని, పులులున్న దారుల్లో సంచి మోసుకుంటూ పరుగెత్తే హర్కారాలుండేవారు. ఒకరు పరుగెత్తి ఇంకొకరికి అందించే దూరమే అంచె. మనం ఈనాటికీ "అంచెలంచెలుగా" అంటున్నాం చూడండి, ఆ మాట అక్కడిదే. 1929లో కాజీపేట, బల్లార్షాల మధ్య రైలు దారి పూర్తయింది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి విమానంలో టపా తెచ్చారు. అక్కడి నుంచి మద్రాసుకూ అది విమానంలోనే వెళ్ళింది. ఉత్తరం ఆకాశంలో ఎగిరిన కాలంలోనే మా అవ్వ గుమ్మం దాకా వచ్చిన ఉత్తరం లోపలికి రాలేకపోయింది. చివరి నాలుగడుగులు దాటించడానికి ఆడమనిషి చేతిలో చిల్లర డబ్బు ఉండాలి, "అది నాది, ఇలా ఇవ్వండి" అనే మాట ఉండాలి. ఆ రెండూ ఆమెకు లేవు.

తరవాత ఆమె ఏం చేసిందో తెలుసా? పుట్టింటికి వచ్చినప్పుడల్లా నాలుగు ఇంగ్లీషు కార్డులు కొని తెచ్చేది. సిరోంచ బడిపంతులు చేత వాటి మీద తన చిరునామా ముందే రాయించి, అన్న చేతిలో పెట్టి వెళ్ళేది. ఇక స్టాంపు తప్పే పని లేదు, బేరింగు మాటే లేదు. కార్డును అందరూ చదువుతారు, నిజమే. అవ్వకేమో చదువు రాదు. అందుకని గుర్తు పెట్టుకున్నారు. శుభవార్త అయితే మూలలకు పసుపు, అది మనందరికీ ఉన్నదే. "నువ్వు వెంటనే రావాలి" అంటే మాత్రం ఒక మూల కుంకుమ బొట్టు! ఎవరు చదివి పెట్టినా పెట్టకపోయినా, కార్డు కంటబడితే చాలు, ఆమెకు తెలిసిపోయేది. ఆ కార్డుల డబ్బు ఎక్కడిదనుకున్నారు? ఇంట్లో నెయ్యి కాచి అమ్మితే మిగిలినది. చెంగుకు ముడేసుకొని దాచుకునేది.

1950 ఏప్రిల్ 1న నిజాం టపా శాఖ భారత తంతి తపాలా శాఖలో కలిసిపోయింది. గోదావరికి అటూ ఇటూ ఒకే స్టాంపు వచ్చింది. 2013 జూలైలో టెలిగ్రాం కూడా ఆగిపోయింది. ఇప్పుడు అమెరికాలో ఉన్న అమ్మాయి ముఖం ఫోనులో రోజూ చూస్తున్నాం. మంచిదే. కానీ ఇంట్లో ఆ ఫోను ఎవరి చేతిలో ఉంది, దాని డబ్బు ఎవరు కడుతున్నారు, తల్లితో మాట్లాడాలంటే కోడలు ఎవరిని అడగాలి? అత్తగార్లూ, ఒక్కసారి మీ ఇంటి సంగతి చూసుకోండి. కోడళ్ళూ, చెంగుకు ముడేసినంతైనా డబ్బు మీ పేరున ఉండనివ్వండి.

ఇక ఆ తీగ సంగతి. ఉత్తరాలను జాగ్రత్తగా తీసి ఇలా చేయండి.

తుప్పు పట్టిన తీగ, గుండుసూదులు తీసేయండి. ఆ తుప్పే కాగితాన్ని తినేస్తుంది. స్టాంపు కోసం కవరు మూల చించకండి. స్టాంపు, ముద్ర, చిరునామా కలిసి ఉంటేనే అది ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎప్పుడు వెళ్ళిందో తెలుస్తుంది. చిరిగినచోట సెల్లోటేపు వేయకండి, కొన్నాళ్ళకు పసుపురంగుకు తిరిగి జిగటగా అంటుకుపోతుంది. లామినేషన్ అసలే వద్దు. నీడలో గాలికి ఆరనిచ్చి, ఉతికిన తెల్లటి నూలుగుడ్డలో చుట్టి, పూర్తిగా ఎండిన వేపాకు వేసిన పెట్టెలో పెట్టండి. వంటింటి గోడకు, స్నానాలగది గోడకు దూరంగా ఉంచండి. పగటి వెలుగులో రెండు వైపులా ఫోనుతో ఫొటో తీయండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో పెద్దవాళ్ళుంటే పక్కన కూర్చుని ఒక్కొక్క ఉత్తరం చదివి వినిపించండి. ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని అడిగి విడిగా ఒక కాగితం మీద రాసి పెట్టండి. వాళ్ళ తరవాత ఆ పేర్లు చెప్పేవాళ్ళుండరు.

మా తాతగారి కవరు ఇప్పుడు నా దగ్గరుంది. ఇంకా చించలేదు. సిరోంచవ్వను ఒకసారి అడిగాను, "చదివి వినిపించమంటావా అవ్వా?" అని. కవరును అటూ ఇటూ తిప్పి, చార్మినారు మీద గీసిన గీతలను వేలితో తడిమి, నా చేతికే ఇచ్చేసింది. "అండ్ల ఏమున్నదో నాకు ఎర్కనే బిడ్డా. నువ్వు దాసిపెట్టు" అంది.

దాచిపెట్టాను. మీ ఇంట్లో ఉన్నవి మీరూ దాచిపెట్టండి. ఉంటాను మరి.